నెల తప్పక ముందు

ఖానాపూర్ గోదావరికి ఉత్తరపు ఒడ్డున ఉంది. 2016 అక్టోబరు దాకా అది ఆదిలాబాద్ జిల్లా, ఇప్పుడు నిర్మల్ జిల్లా. 1891-92లో గోదావరికి అడ్డంగా కట్టిన సదర్మాట్ ఆనకట్ట ఈ ప్రాంతానిదే. అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ 2018లో దాన్ని వారసత్వ కట్టడాల జాబితాలో చేర్చింది. ఆ కాలువ పారినంత మేర వరి. ఉత్తరానికి తిరిగి ఉట్నూరు గుట్టల దిక్కు పోతే జొన్న, మక్క, పత్తి. ఎస్టీలకు రిజర్వు చేసిన ఈ నియోజకవర్గంలో గోండులు, నాయకపోళ్లు, లంబాడాలు, గోదారి ఒడ్డు రైతు కులాలు, బీడీలు చుట్టే కుటుంబాలు కలిసి బతుకుతున్నాయి. ఒక ఇంట్లో అన్నం, ఇంకో ఇంట్లో గటక.

ఒక్క సంగతి మాత్రం ఈ ఊళ్లన్నిటిలో ఒకే తీరు. పిల్లకు పెండ్లయి, నెల తప్పి, ఆ కబురు ఆశ కార్యకర్తకు చేరి, ఆమె పేరు రాసుకున్నాకనే సర్కారు తిండి గర్భిణి దాకా వస్తుంది. 2015 జనవరి 1న మొదలైన ఆరోగ్యలక్ష్మి కింద అంగన్‌వాడీలో గర్భిణికీ బాలింతకూ ఒక పూట నిండు భోజనం పెడుతున్నారు. అన్నం, పప్పు, కూర, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. మంచి పథకం, దాన్ని తక్కువ చేయడానికి లేదు. కానీ నెల తప్పిందని ఇంట్లో అనుకునే నాటికే పిండానికి రెండు వారాల వయసు ఉంటుంది. పేరు నమోదయ్యేసరికి ఇంకొన్ని వారాలు గడిచిపోతాయి. ఆ తొలి రోజుల్లో తల్లి ఒంట్లో ఉన్న కరువో కలిమో బిడ్డకు నలభై ఏండ్లు వచ్చాక కూడా కనబడుతుందా అన్నది ఇవాళ వైద్యశాస్త్రంలో పెద్ద ప్రశ్న. దానికి దొరికిన జవాబుల్లో కొన్ని ముఖ్యమైనవి హైదరాబాద్ ప్రయోగశాలల్లో, హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో పుట్టాయి. ఆ చరిత్రను వరుసగా చూస్తే, శాస్త్రం ఒక్కొక్క మెట్టే బిడ్డ జీవితంలో వెనక్కి నడిచిన తీరు తెలుస్తుంది. పథకాలు కూడా దాని వెంట నడిచాయి గాని, చివరి మెట్టు దగ్గర నిలిచిపోయాయి.

మొదలు తెలుగు నేలకు చాలా దూరంలో ఉంది. 1918లో నీలగిరి కొండల్లోని కూనూరులో, పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో దొరికిన ఒక్క గదిలో, రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి వ్యాధి మీద విచారణ మొదలుపెట్టాడు. అదే పెరిగి న్యూట్రిషన్ రీసెర్చ్ లేబొరేటరీస్ అయింది. 1958లో హైదరాబాద్‌కు, ఉస్మానియా విశ్వవిద్యాలయం పక్కనున్న తార్నాకకు తరలివచ్చింది. 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకుంది. ఎన్‌ఐఎన్ అంటే ఇప్పుడు అందరికీ తెలుసు.

కొండ మీది నుంచి దక్కన్ పీఠభూమికి దిగడంతో సంస్థ ముందుకు వచ్చే రోగులు మారారు. హైదరాబాద్ ఆసుపత్రుల్లో పెల్లాగ్రా రోగులు కనిపించేవారు. మెడ చుట్టూ, ముంజేతుల మీద, ఎండ తగిలిన చోటల్లా చర్మం నల్లబడి పొలుసులు లేస్తుంది, విరేచనాలు పట్టుకుంటాయి, మతి స్థిమితం తప్పుతుంది. నయాసిన్ అనే విటమిన్ లోపించినప్పుడు వచ్చే జబ్బిది. ప్రపంచంలో మిగతా చోట్ల మక్కలు తప్ప మరొకటి దొరకని బీదలకు వచ్చేది, ఇక్కడ జొన్న తినేవాళ్లకు వచ్చింది. 1960లో ఈ సంస్థకే చెందిన సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య లాన్సెట్ పత్రికలో దీనికి ఒక కారణం చెప్పారు. జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం మోతాదు మించి ఉండటం వల్ల శరీరంలో నయాసిన్ వాడకం దెబ్బతింటుందన్నారు. ఆ సిద్ధాంతం మీద తర్వాత చాలా వాదోపవాదాలు నడిచాయి. మనకు కావలసింది ఆ వాదం కాదు. తెలంగాణ పల్లె తినే తిండిని ఒక ప్రయోగశాల అంత దగ్గరగా చూడటం ఇక్కడ ముఖ్యం. జొన్నను తప్పుపట్టడానికి కూడా ఇది సాక్ష్యం కాదు. పప్పు, పాలు, ఆకుకూర తోడు లేకుండా ఒక్క గింజ మీదనే బతకాల్సి రావడమే ఆ జబ్బు మూలం.

1961లో గోపాలన్ సంస్థ సంచాలకుడయ్యాడు. ఆయన హయాంలో గర్భిణుల తిండి పరిశోధనాంశంగా స్థిరపడింది. అదే సంస్థలోని లీలా అయ్యంగార్ 1967లో ప్రచురించిన పని ఈ చరిత్రలో మొదటి మైలురాయి. బీద గర్భిణులను కాన్పుకు ముందు చివరి వారాల్లో ఆసుపత్రిలో ఉంచి మంచి తిండి పెడితే పుట్టే బిడ్డ బరువు పెరుగుతుందని ఆమె చూపింది. 1975లో మరో అడుగు పడింది. ఇనుముతో పాటు ఫోలిక్ ఆమ్లం కూడా ఇస్తే, ఒక్క ఇనుమే ఇచ్చిన వాళ్ల బిడ్డల కంటే ఈ బిడ్డలు ఎక్కువ బరువుతో పుడుతున్నారని లీలా అయ్యంగార్, రాజలక్ష్మి రాశారు. దేశంలో గర్భిణులకు ఇనుము-ఫోలిక్ ఆమ్లం మాత్రలిచ్చే జాతీయ కార్యక్రమం 1970లోనే మొదలైంది. ఆ ఎర్ర మాత్రను మనం అతి మామూలు వస్తువుగా చూస్తాం. దాని వెనక హైదరాబాద్ ఆసుపత్రి వార్డుల్లో బీద తల్లుల మీద జరిగిన ఓపికైన పని ఉంది.

ఆ రోజుల్లో అందరి చూపూ ఒకే అంకె మీద ఉండేది, పుట్టినప్పటి బరువు. గర్భంలో ఆఖరి మూడు నెలల్లోనే బిడ్డ బరువు ఎక్కువగా పెరుగుతుంది కాబట్టి తిండి కూడా అప్పుడే పెట్టాలన్నది నాటి తర్కం. ఆ తర్కంలో తప్పేమీ లేదు. కాకపోతే బరువు ఒక్కటే బిడ్డ బాగోగులకు కొలమానమా అని ఇంకా ఎవరూ గట్టిగా అడగలేదు.

1975 అక్టోబరు 2న కేంద్రం 33 ప్రాజెక్టులతో సమగ్ర శిశు అభివృద్ధి సేవలను, అంటే ఐసీడీఎస్‌ను, మొదలుపెట్టింది. మనం అంగన్‌వాడీ అని పిలుచుకునేది దాని కేంద్రాన్నే. ఆ పథకం ఒక్కో బ్లాకుకు విస్తరిస్తూ పోయింది. దేశమంతటా ఒకేసారి పెట్టే స్తోమత లేదు గనుక ఒక బ్లాకులో అంగన్‌వాడీ ఉంటే పక్క బ్లాకులో ఉండేది కాదు. ఈ లేమే ఎన్‌ఐఎన్ శాస్త్రజ్ఞులకు ఒక అవకాశం ఇచ్చింది.

1987 నుంచి 1990 దాకా హైదరాబాద్‌కు దగ్గర్లో, అప్పటి రంగారెడ్డి జిల్లాలోని 29 ఊళ్లలో వాళ్లు ఒక పోలిక నడిపారు. 15 ఊళ్లలో అంగన్‌వాడీ ఉంది, 14 ఊళ్లకు ఇంకా రాలేదు. అంగన్‌వాడీ ఉన్న ఊళ్లలో గర్భిణులకు, ఆరేండ్ల లోపు పిల్లలకు రోజూ వండిన ఉప్మా పెట్టేవారు. మక్క, సోయా కలిపిన పిండి, సోయా నూనె అందులో ముఖ్యం. గర్భిణి వాటాలో ఐదారు వందల కేలరీలు, 20 గ్రాములకు తగ్గని మాంసకృత్తులు ఉండేవి. పిల్లలకు అందులో సగం. దాంతో పాటు టీకాలు, రక్తహీనత మాత్రలు, మామూలు వైద్యం. నాటి లెక్క ప్రకారం తేలాల్సింది మళ్లీ పుట్టినప్పటి బరువే. తేడా కొద్దిగానే తేలింది. అక్కడితో ఆ కాగితాలు అటక ఎక్కాల్సినవి.

సరిగ్గా ఆ ఏండ్లలోనే ఇంగ్లండ్‌లో ఇంకో కథ నడుస్తోంది. సౌతాంప్టన్‌లో డేవిడ్ బార్కర్ అనే వైద్య పరిశోధకుడు గుండెజబ్బుల పటాలను, పాత శిశుమరణాల పటాలను పక్కపక్కన పెట్టి చూశాడు. పసిపిల్లలు ఎక్కువగా చనిపోయిన బీద ప్రాంతాల్లోనే అరవై డెబ్బై ఏండ్ల తర్వాత గుండెజబ్బులు ఎక్కువగా ఉన్నాయి. 1986లో దాన్ని ప్రచురించాడు. ఇంతకూ ఋజువు ఎక్కడ? హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో ఎథెల్ మార్గరెట్ బర్న్‌సైడ్ అనే పర్యవేక్షకురాలి కింద పనిచేసిన నర్సులు 1911 నుంచి ప్రతి బిడ్డ బరువూ రాసిపెట్టిన పుస్తకాలు దొరికాయి. పుట్టినప్పుడు, ఏడాది నిండినప్పుడు తక్కువ తూగిన మగపిల్లలే పెద్దయ్యాక గుండెజబ్బుతో ఎక్కువగా చనిపోయారని 1989లో ఆ పుస్తకాలు చెప్పాయి. దక్షిణ భారతంలో అటువంటి పుస్తకాలు మైసూరు హోల్డ్స్‌వర్త్ స్మారక ఆసుపత్రిలో ఉన్నాయి. 1934 నుంచి 1954 మధ్య అక్కడ పుట్టిన వాళ్లను వెతికి పరీక్షిస్తే, రెండున్నర కిలోలు మించకుండా పుట్టిన వాళ్లలో 11 శాతం మందికి గుండెజబ్బు ఉంది. మూడు కిలోలు దాటి పుట్టిన వాళ్లలో అది 3 శాతమే. 1996లో లాన్సెట్‌లో ఈ ఫలితం వచ్చింది. లక్షల వేతనాలు, కూర్చుని చేసే కొలువులు, నూనెలో తేలే తిండి ఇవే గుండెజబ్బుకు కారణమని అంతదాకా నమ్మిన వాళ్లకు ఇది ఇబ్బంది పెట్టే మాట. తక్కువ బరువుతో పుట్టడం కూడా ఒక కారణం కావచ్చని తేలింది.

అప్పుడు ఆ 29 ఊళ్లు మళ్లీ గుర్తుకొచ్చాయి. 2003 నుంచి 2005 మధ్య బ్రిటన్ పరిశోధకుడు సంజయ్ కిన్రా, ఎన్‌ఐఎన్‌కు చెందిన కె.వి. రామేశ్వర శర్మ, గఫూరున్నీసా తదితరులు ఆ ఊళ్లకు తిరిగి వెళ్లారు. ఉప్మా తిన్న తల్లుల పిల్లలు, తినని తల్లుల పిల్లలు ఇప్పుడు 13 నుంచి 18 ఏండ్ల వాళ్లు. 1,165 మందిని కొలిచారు, రక్తం తీశారు, ధమనుల బిగువు చూశారు. ఫలితాలు 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడ్డాయి.

ఉప్మా ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తుగా ఉన్నారు. అర అంగుళానికి కొంచెం ఎక్కువ, అంతే. దీనికా ఇంత శ్రమ అనిపిస్తుంది. అసలు సంగతి రక్తంలో ఉంది. ఇన్సులిన్‌కు శరీరం మొండికేసే గుణం వాళ్లలో 20 శాతం తక్కువ. ఆ గుణమే ముదిరి తర్వాత షుగర్ జబ్బు అవుతుంది. ధమనుల బిరుసుదనాన్ని చెప్పే సూచిక కూడా 3.3 శాతం తక్కువ. రక్తపోటులో, కొవ్వుల్లో గట్టి తేడా లేదు. ఇంకో సంగతి చాలామంది గమనించరు. బీద పిల్లలకు అదనంగా తిండి పెడితే ఒళ్లు వస్తుందని, అది షుగర్‌కు దారి తీస్తుందని కొందరి భయం. ఈ పిల్లల ఒంట్లో కొవ్వు పాళ్లు మిగతా వాళ్లతో సమానంగానే ఉన్నాయి. ఎత్తు పెరిగింది, కొవ్వు పెరగలేదు.

ఈ ఊళ్ల పిల్లలను పరిశోధకులు ఆ తర్వాత కూడా వదల్లేదు. ఆంధ్రప్రదేశ్ చిల్డ్రన్ అండ్ పేరెంట్స్ స్టడీ అనే పేరుతో కుటుంబాలన్నిటినీ కలుపుకొని అధ్యయనాన్ని పెంచారు. రాష్ట్రం రెండయినా ఆ పేరు అలాగే నిలిచిపోయింది. వాళ్లకు 20 నుంచి 25 ఏండ్లు వచ్చిన నాటి లెక్కలు తీసి, ఉప్మా ఊళ్ల వాళ్లు సగటున ముప్పావు తరగతికి పైగా ఎక్కువ చదివారని, ఆ వయసుకు పెండ్లయిపోయిన వాళ్లు వాళ్లలో తక్కువని ఆర్థికవేత్తలు 2018లో చూపారు. గిన్నెడు ఉప్మాతో ఇంటర్ పాసవుతారా అని నవ్వొచ్చు. తల్లి కడుపు నిండి, పసితనంలో జబ్బుపడటం తగ్గితే బడి మానేయడం కూడా తగ్గుతుందన్నది మాత్రం మన పల్లెల్లో పెరిగిన ఎవరికైనా అర్థమయ్యే విషయమే.

అయితే ఈ ప్రయోగం ఏం చెప్పలేదో కూడా చెప్పుకోవాలి. ఊళ్లను చీటీ వేసి పంచలేదు, పథకం ముందు వచ్చిన బ్లాకు, రాని బ్లాకు అంతే. పైగా తిండి గర్భంలో మొదలై ఆరేండ్ల దాకా సాగింది. ఆ మంచి కడుపులో ఉన్నప్పుడు జరిగిందా, పాలు మానిన తర్వాత జరిగిందా అని విడదీయడం కుదరదు. గర్భం తెలిసిన తర్వాతే తల్లికి ఉప్మా అందింది కాబట్టి తొలి వారాల గురించి అది ఒక్క ముక్క కూడా చెప్పలేదు.

ఆ తొలి వారాల్లో జరిగేది ఇది. అండం ఫలదీకరణ చెందిన నాలుగైదు రోజులకు పిండం సన్నని బుడగ లాంటి కణాల ముద్ద అవుతుంది. లోపలి కణాలు బిడ్డగా, బయటి పొర మాయగా తయారు కావాలని అప్పటికే విడిపోతాయి. తల్లి నుంచి, తండ్రి నుంచి వచ్చిన జన్యువుల మీద ఉన్న రసాయన గుర్తుల్లో చాలా మటుకు ఆ రోజుల్లోనే చెరిగిపోయి కొత్తగా పడతాయి. జన్యువు మారదు, ఏ జన్యువు ఎంత పలకాలన్న ఏర్పాటు మారుతుంది. దీన్నే ఎపిజెనెటిక్స్ అంటున్నారు. ఆ గుర్తుల్లో ముఖ్యమైన మిథైల్ గుర్తులు పడాలంటే ఫోలేట్, బి12 వంటివి కావాలి. అవి ఆ వారం తినే తిండి నుంచి మాత్రమే రావు, అంతకు ముందు నెలల్లో తల్లి ఒంట్లో చేరిన నిలవ నుంచి వస్తాయి.

2000లో సౌతాంప్టన్‌లో టామ్ ఫ్లెమింగ్ బృందం ఎలుకలతో దీన్ని నేరుగా పరీక్షించింది. చూలు మొదటి నాలుగు రోజులు మాత్రమే మాంసకృత్తులు సగానికి తగ్గించి, తర్వాత మామూలు తిండే పెట్టారు. అప్పటికి పిండం గర్భసంచి గోడకు అంటుకోను కూడా లేదు. ఆ నాలుగు రోజుల కొరతకే పిండంలో కణాల సంఖ్య తగ్గింది, పుట్టిన పిల్లలకు పెద్దయ్యాక రక్తపోటు పెరిగింది. తార్నాకలోనూ దాదాపు ఇదే కాలంలో ఎన్‌ఐఎన్ శాస్త్రజ్ఞుడు మంచాల రఘునాథ్, ఆయన విద్యార్థులు సంస్థ సొంత ఎలుకల జాతి మీద పనిచేశారు. తల్లి తిండిలో మెగ్నీషియం, జింకు, క్రోమియం, ఫోలేట్, బి12 ఒక్కొక్కదాన్నే తగ్గిస్తూ పోయారు. పిల్ల ఎలుకల్లో కొవ్వు పెరగడం, ఇన్సులిన్ తీరు మారడం కనిపించింది. పుట్టాక మంచి తిండి పెడితే కొన్ని మార్పులు సర్దుకున్నాయి, కొన్ని సర్దుకోలేదు. మన తెలంగాణ తల్లికి కొరతపడేది ఒక్క అన్నం కాదు, ఈ చిన్న చిన్న ఖనిజాలూ విటమిన్లూ కూడా. ఆ సంగతి తెలిసిన చోటే ఈ ప్రయోగం పుట్టడం సహజం.

మనుషుల్లో అటువంటి ప్రయోగం చేయలేం. చరిత్ర ఒకటి చేసి పెట్టింది. 1944-45 చలికాలంలో జర్మన్ ఆక్రమణలో ఉన్న పశ్చిమ నెదర్లాండ్స్ నగరాల్లో కరువు వచ్చింది. రోజుకు మనిషికి వెయ్యి కేలరీల లోపు, ఒక దశలో అందులో సగం మాత్రమే అందింది. ఆ కరువులో పిండంగా కుదిరిన వాళ్లను అరవై ఏండ్ల తర్వాత వాళ్ల తోడబుట్టిన వాళ్లతో పోల్చి చూస్తే, ఎదుగుదలకు సంబంధించిన ఐజీఎఫ్2 జన్యువు మీద మిథైల్ గుర్తులు తక్కువగా ఉన్నాయి. గర్భం చివరి నెలల్లో కరువు తగిలిన వాళ్లలో ఈ తేడా లేదు. 2008లో వచ్చిన ఆ ఫలితం లీలా అయ్యంగార్ తరం తర్కాన్ని తలకిందులు చేయలేదు గాని, దానికి అవతలి కొసను చూపింది. పుట్టినప్పటి బరువుకు చివరి నెలలు ముఖ్యం. జన్యువుల మీది గుర్తులకు మొదటి రోజులు ముఖ్యం.

పశ్చిమ ఆఫ్రికాలోని గాంబియాలో కరువు ఏటా వస్తుంది. పాత పంట అయిపోయి కొత్త పంట చేతికి రాని వానాకాలంలో కుదిరిన పిల్లల జన్యు గుర్తులు ఎండాకాలంలో కుదిరిన వాళ్ల గుర్తుల కంటే వేరుగా ఉన్నాయని 2010, 2014 సంవత్సరాల పరిశోధనలు చూపాయి. ఉట్నూరు గుట్టల జనానికీ వానాకాలమే గడ్డుకాలం. గింజ అడుగంటే రోజులు, మలేరియా రోజులు. మన పెండ్లిళ్లలో చాలా వరకు ఎండాకాలంలో జరుగుతాయి. ఆషాఢం ఎడబాటు అయ్యాక కొత్త కోడలు అత్తగారింటికి చేరేది శ్రావణంలో. మన ఇండ్లల్లో తొలిచూలు ఎప్పుడు, ఏ తిండి మీద కుదురుతోందన్న లెక్క గాంబియా కళ్లతో చూడదగ్గది.

ఇంకో ప్రత్యక్ష సాక్ష్యం పల్లెలకు సంబంధం లేని చోట దొరికింది. పిల్లలు లేని దంపతుల కోసం అండాన్ని బయట ఫలదీకరించే కేంద్రాలు ఇప్పుడు కరీంనగర్‌లో కూడా ఉన్నాయి. ఆ పద్ధతిలో పిండం మొదటి కొన్ని రోజులు గాజు పాత్రలో, ఒక పోషక ద్రవంలో పెరుగుతుంది. నెదర్లాండ్స్ పరిశోధకులు రెండు రకాల ద్రవాలను చీటీ వేసి పంచి చూస్తే, ఒకదానిలో పెరిగిన పిండాల బిడ్డలు నూటయాభై గ్రాములకు పైగా తక్కువ బరువుతో పుట్టారని 2016లో తేలింది. తర్వాతి తొమ్మిది నెలలూ తల్లుల కడుపులోనే గడిచాయి. తేడా ఆ కొన్ని రోజులదే.

హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రంలో, అంటే సీసీఎంబీలో, గిరిరాజ్ రతన్ చాందక్ బృందం ఈ ప్రశ్నను భారతీయ పిల్లల మీద పరీక్షించింది. వాళ్లు వాడుకున్న నమూనాలు ముంబై మురికివాడల్లో 2006 నుంచి నడిచిన ప్రయోగం నుంచి వచ్చాయి. అక్కడ పెండ్లయిన ఆడవాళ్లకు గర్భం రాకముందు నుంచే రోజూ ఆకుకూర, పండ్లు, పాలతో చేసిన చిరుతిండి ఇచ్చారు. మొత్తం మీద బిడ్డల బరువు పెరగలేదు. కనీసం మూడు నెలల ముందు నుంచి తిన్న తల్లుల బిడ్డలు మాత్రం సగటున 48 గ్రాములు ఎక్కువ తూగారు. గర్భంలో వచ్చే షుగర్ కూడా ఆ తిండి తిన్న వాళ్లలో తగ్గింది. ఆ పిల్లల జన్యు గుర్తులను గాంబియా పిల్లల వాటితో కలిపి సీసీఎంబీ, బ్రిటన్, గాంబియా శాస్త్రజ్ఞులు చూశారు. ఎంఫసిస్ అని ఆ అధ్యయనం పేరు. గాంబియా పిల్లల్లో కొద్ది చోట్ల తేడా కనిపించింది, ముంబై పిల్లల్లో చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. చాందక్ బృందమే 2023లో ఎస్‌ఓసీఎస్3 అనే జన్యువు మీది మిథైల్ గుర్తులకూ బాల్యంలో ఎత్తుకూ సంబంధం ఉందని ప్రచురించింది. ఫలితాలు ఇలా మిశ్రమంగా ఉండటం ఈ శాస్త్రం పచ్చిగా ఉందనడానికి గుర్తు. గర్భసంస్కారం పేరుతో పట్నాల్లో వేలకు వేలు వసూలు చేసే తరగతులకు ఇందులో ఏ ఆధారమూ లేదు.

ఇంతకంటే గట్టి సాక్ష్యం ఒకటుంది. అది చాలా పాతది, దానికి ఎపిజెనెటిక్స్ అవసరం కూడా లేదు. బిడ్డ వెన్నుపాము, మెదడు తయారయ్యే గొట్టం గర్భం కుదిరిన 28వ రోజుకల్లా మూసుకుంటుంది. అది సరిగా మూసుకోకపోతే బిడ్డ వెన్ను తెరుచుకొని పుడుతుంది, లేదా బతకదు. గర్భం రాకముందు నుంచే ఫోలిక్ ఆమ్లం తీసుకుంటే, అంతకు ముందు అలాంటి బిడ్డను కన్న తల్లుల్లో ఆ ప్రమాదం మళ్లీ వచ్చే అవకాశం 72 శాతం తగ్గుతుందని 1991లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి ప్రయోగం తేల్చింది. ఖానాపూర్ మండలంలో రెండో నెలలోనో మూడో నెలలోనో పేరు రాయించుకున్న తల్లికి అప్పుడిచ్చే మాత్ర రక్తానికి పనికొస్తుంది. ఆ గొట్టానికి పనికిరాదు.

పథకాల తారీఖులను ఈ 28 రోజుల పక్కన పెట్టి చూడాలి. 2022 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం న్యూట్రిషన్ కిట్ మొదలుపెట్టింది. పోషకాల పొడి, ఖర్జూరం, నెయ్యి, ఇనుము సిరప్ అందులో ఉండేవి. మొదటి తొమ్మిది జిల్లాల్లో ఆదిలాబాద్, ఆసిఫాబాద్ ఉన్నాయి, నిర్మల్ లేదు. మొదటి కిట్ 13 నుంచి 27 వారాల మధ్య, రెండోది 28 నుంచి 34 వారాల మధ్య ఇచ్చేవారు. మంచి తిండే, కాకపోతే అయ్యంగార్ కాలపు తర్కమే. ఆడపిల్లల కోసం 2010లో కేంద్రం సబల పథకం తెచ్చింది. 11 నుంచి 18 ఏండ్ల ఆడపిల్లలకు ఏడాదికి 300 రోజులు 600 కేలరీల తిండి. దేశంలో ఎంపికైన 200 జిల్లాల్లో పాత ఆదిలాబాద్ ఒకటి. అంటే ఖానాపూర్ ఆడపిల్లకు ఒకప్పుడు గర్భానికి ముందే తిండి పెట్టే ఏర్పాటు ఉండేది. 2018లో దాన్ని బడి మానేసిన 11-14 ఏండ్ల వాళ్లకు కుదించారు. ఆ తర్వాత ఈశాన్యం పోగా 14-18 ఏండ్ల వాళ్లకు, వెనకబడిన ఆకాంక్ష జిల్లాలకు పరిమితం చేశారు. తెలంగాణలో అటువంటివి మూడు: ఆసిఫాబాద్, భూపాలపల్లి, భద్రాద్రి కొత్తగూడెం. జిల్లాలు విడిపోయినప్పుడు నిర్మల్ గీతకు ఇవతల పడింది. నిర్మల్ జిల్లా పెంబి గుట్టల మీది గోండు పిల్లకూ ఆసిఫాబాద్ గోండు పిల్లకూ తిండిలో తేడా లేదు, జిల్లా పేరులోనే ఉంది.

2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏండ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. 20-24 ఏండ్ల వాళ్లలో 23.5 శాతం మందికి పద్దెనిమిది నిండక ముందే పెండ్లయింది. ఈ రెండు అంకెలను కలిపి చదవాలి. తన ఎదుగుదలే ఇంకా పూర్తికాని, రక్తం చాలని పిల్ల ఒంట్లో తర్వాతి తరం పిండం కుదురుతోంది. కడుపుల పిల్ల పెద్దగయితే కాన్పు కష్టమైతదని గర్భిణిని తక్కువ తినమనే పెద్దలు ఇంకా ఉన్నారు. ఎనిమిదో నెలలో అంగన్‌వాడీ టీచరమ్మ ఆ మాటను కాదని గుడ్డు తినిపించగలదు. తొలి రోజుల్లో ఆ ఇంటికి పోవాల్సిన పని ఆమెకు లేదు.

బీడీ సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. ఆదిలాబాద్ అడవుల తునికాకు, ఎక్కడినుంచో వచ్చే పొగాకు, ఇంటి అరుగు మీద ఆడవాళ్ల వేళ్లు, ఇవి కలిస్తే బీడీ. నిర్మల్, కరీంనగర్, నిజామాబాద్ పల్లెల్లో కన్నెపిల్లగా మొదలుపెట్టిన ఆ పని గర్భంతో కూడా సాగుతుంది. బీడీ కార్మికుల మూత్రంలో నికోటిన్ ఆనవాలు కనిపిస్తుందని ముంబై పరిశోధకులు చూపారు. పొగ తాగకపోయినా అది ఒంట్లోకి పోతోందన్నమాట. పిండం చుట్టూ ఉండే వాతావరణం అంటే తిండి ఒక్కటే కాదు.

ఈ శాస్త్రంలో ఒక అపాయం ఉంది, దాన్ని దాచకూడదు. మొదటి నాలుగు రోజులే తలరాత అన్నారంటే, బిడ్డకు షుగర్ వచ్చినా కోడలిదే తప్పు అనడానికి మన ఇండ్లకు మరో సాకు దొరుకుతుంది. నెదర్లాండ్స్ తల్లులు కావాలని పస్తులుండలేదు, గాంబియా తల్లులూ ఉండలేదు. తిండి దొరకలేదు. పైగా ఈ ప్రభావాలు సగటు లెక్కల్లో కనిపించే చిన్న తేడాలు, ఏ ఒక్క బిడ్డ జాతకాన్నీ చెప్పవు. ఆడపిల్లకు తిండి పెట్టాలనడానికి ఆమె రేపు కనబోయే బిడ్డను కారణంగా చూపాల్సిన పనీ లేదు. ఆమె ఆకలే చాలిన కారణం.

మార్గం కొత్తగా కనిపెట్టాల్సింది కాదు. 2018 నుంచి రక్తహీనత ముక్త భారత్ కింద గర్భం లేని 20-49 ఏండ్ల ఆడవాళ్లకూ వారానికో ఇనుము-ఫోలిక్ ఆమ్లం మాత్ర ఇవ్వాలని కాగితం మీద ఉంది. ప్రతి ఊళ్లో ఆశ కార్యకర్త దగ్గర అర్హ దంపతుల జాబితా ఉంటుంది. కొత్తగా పెండ్లయిన వాళ్ల పేర్లు అందులో చేరతాయి. ఇవాళ దాన్ని కుటుంబ నియంత్రణకే ఎక్కువగా వాడుతున్నారు. అంగన్‌వాడీ గుడ్డును, ఫోలిక్ మాత్రను గర్భిణుల రిజిస్టరు నుంచి కాకుండా ఆ జాబితా నుంచి లెక్కగట్టి ఇవ్వాలి. సబలను నిర్మల్‌కు తిరిగి తేవాలి. ఖానాపూర్‌లోనే మొదలుపెట్టమని గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏను, జిల్లా అధికారులను అడగవలసింది ఈ ప్రాంతపు ప్రతినిధులు.